ఆకుపచ్చ భవనం లెక్కలో హారం ఎక్కడ?

కిందటి ఏడాది వేసవిలో బెంగళూరు తూర్పు శివార్లలో కడుతున్న ఒక అపార్ట్‌మెంటు చూడడానికి వెళ్లినప్పుడు, అక్కడి సేల్స్ కుర్రవాడు నా చేతిలో పెట్టిన రంగుల పుస్తకంలో 'గ్రీన్' అనే మాట పద్నాలుగు చోట్ల ఉంది. సస్టైనబుల్, ఎకో-ఫ్రెండ్లీ, లో-కార్బన్, నెట్ జీరో రెడీ అనే మాటలు దానికి అదనం. అంకెలు మాత్రం ధరల పట్టికలో తప్ప మరెక్కడా లేవు. కుర్రవాడు చిత్తూరు వైపువాడు, నా యాస పట్టుకుని వెంటనే తెలుగులోకి దిగాడు. "పై అంతస్తు స్లాబుకు యూ-విలువ ఎంత వస్తుంది బాబూ?" అని అడిగాను, అంటే ఎండ వేడిని ఆ స్లాబు ఎంత లోపలికి వదులుతుందని. "ఇంజనీర్లను కనుక్కుని మెయిల్ చేస్తాను సార్" అన్నాడు. ఆ మెయిల్ ఇప్పటికీ రాలేదు. అందులో అతని తప్పేమీ లేదు. అతన్ని ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

హరిత నిర్మాణ రంగంలో వాడే మాటలన్నీ నిజానికి భిన్నాలు. ప్రతి మాటకూ పైన ఒక లవం, కింద ఒక హారం ఉంటాయి: ఎంత శక్తి, ఎన్ని చదరపు మీటర్లకు, ఎంత ఆదా, దేనితో పోల్చి, ఎంత కర్బనం, ఎన్నేళ్లకు. ఇంజనీరు చేతిలో ఉన్నంతసేపూ అవి భిన్నాలుగానే ఉంటాయి, అమ్మేవాడి చేతికి వచ్చేసరికి హారం రాలిపోయి విశేషణాలుగా మిగులుతాయి. (మెడలో వేసే హారాలకు మాత్రం లోటుండదు, ప్రతి ప్రాజెక్టు ఆఫీసు గోడకూ రెండు మూడు వేలాడుతుంటాయి.) నా వాదనలో సగం ఇది. మిగతా సగం బెంగళూరుకు సంబంధించినది: ఈ ఊరి వాతావరణాన్ని బట్టి చూస్తే మనం ముందు అడగవలసిన లెక్కను, అంటే ఇల్లు కట్టడంలోనే ఖర్చయిపోయే శక్తి లెక్కను, అన్నిటికంటే చివర అడుగుతున్నాం, చాలామందిమి అసలు అడగడమే లేదు.

యూ-విలువతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది అన్నిటికంటే నిజాయితీ గల మాట. గోడకో పైకప్పుకో ఇటు అటు ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో అది చెబుతుంది. ఏ పూతా, ఏ పొరా లేని మామూలు కాంక్రీటు స్లాబుకు ఇది సుమారు మూడున్నర. ఇళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పుకు 1.2 దాటకూడదని చెబుతోంది. వెయ్యి చదరపు అడుగుల ఇల్లంటే దాదాపు 93 చదరపు మీటర్లు. ఎండకు కాగిన డాబాకూ లోపలి గదికీ ఇరవై డిగ్రీల తేడా ఉందనుకుంటే, మూడున్నర స్లాబు గుండా స్థూలంగా ఆరున్నర కిలోవాట్ల వేడి లోపలికి దిగుతుంది, 1.2 స్లాబు గుండా రెండుంబావు. ఒకటిన్నర టన్నుల ఏసీ బయటికి తోడగలిగేది సుమారు 5.3 కిలోవాట్లు. అంటే పైకప్పును అలా వదిలేసి, ఏసీకి ఎన్ని నక్షత్రాలున్నాయో చూసి కొనడమంటే చిల్లికుండలో నీళ్లు పోస్తూ చెంబు మంచిదా కాదా అని ఎంచడమే.

అయితే యూ-విలువ చెప్పనిది కూడా ఒకటుంది, అది వేళ. అనంతపురం జిల్లాలోని మా పాత ఇల్లు మట్టిమిద్దె. దూలాల మీద దంతెలు, వాటి మీద బండలు, ఆ పైన మట్టి, అన్నిటికీ పైన చవుడు. వానలు మొదలయ్యేలోపు నాన్న ప్రతి ఏటా రెండు బండ్ల చవుడు తోలించి మిద్దె మీద పోయించి, తొక్కించి, వాటం సరిచేసేవాడు. అంత మందాన ఉన్న మట్టి మధ్యాహ్నపు వేడిని లోపలికి పంపే తొందరలో ఉండదు, తానే దాచుకుంటుంది. అది కింది వరకూ దిగే సమయానికి బయట గాలి చల్లబడి ఉంటుంది, మనుషులు కూడా ఆరుబయట మంచాలు వేసుకుని ఉంటారు. ఇంజనీర్లు థర్మల్ మాస్ అనీ టైమ్ లాగ్ అనీ పిలిచే రెండు సంగతులూ ఇవే. బరువు వేడిని దాచుకుంటుంది, దాచుకున్నదాన్ని ఆలస్యంగా ఇస్తుంది. బెంగళూరులో నేను అద్దెకున్న పై అంతస్తు ఇంటి స్లాబు కూడా వేడిని దాచుకునేది. కానీ అది అయిదారు అంగుళాల కాంక్రీటు, పైన ఏ కాపూ లేదు. రాత్రి తొమ్మిదింటికి మంచమెక్కి పైకప్పుకు అరచేయి ఆనిస్తే, పొయ్యి మీద నుంచి దించి కాసేపైన పెనంలా ఉండేది. బయట చల్లగాలి వీస్తుంటే లోపల ఉక్కపోత. దాచుకున్న వేడిని అది సరిగ్గా మేము పడుకునే వేళకే తిరిగి ఇచ్చేది.

ఇక అద్దాల సంగతి. కొన్నేళ్లు నేను పనిచేసిన కార్యాలయం అవుటర్ రింగ్ రోడ్డు మీద ఉండేది. నాలుగు వైపులా గాజు, కింద లాబీలో హరిత భవనాల రేటింగులో అన్నిటికంటే పైదైన ప్లాటినం ఫలకం. పడమటి వైపు కూర్చున్న మా వరుసలో ఉదయం వచ్చిన వాళ్లు మొదట చేసే పని తెరలు దించడం, రెండో పని లైట్లు వేయడం. మధ్యాహ్నం పన్నెండింటికి, బయట కళ్లు చెదిరే వెలుతురున్న ఊళ్లో, మేము ట్యూబు లైట్ల కింద శాలువాలు కప్పుకుని పనిచేసేవాళ్లం. ఆ గాజు కాగితం మీద మంచిదే. దానికి ఎస్‌హెచ్‌జీసీ తక్కువ, అంటే ఎండ వేడిలో కొద్ది భాగమే లోపలికి వదులుతుంది. వీఎల్‌టీ చాలినంత, అంటే వెలుతురును తగుమాత్రంగా రానిస్తుంది. కానీ ఈ రెండు అంకెలూ గాజు గురించి చెబుతాయే తప్ప, దించిన తెర గురించి చెప్పవు. రేటింగుకు లెక్క వేసిన కంప్యూటరు నమూనాలో తెరలు తీసి ఉంటాయి, మనుషుల కళ్లకు ఎండ పొడ తగలదు.

అక్కడే మరో హారం దాక్కుని ఉంది. 'ముప్పై శాతం ఆదా' అని ఫలకం పక్కన రాసినప్పుడు, ఆ ముప్పై దేనిలో ముప్పై? ఎక్కడా కట్టని, కేవలం పోలిక కోసం ఊహించిన ఇంకో భవనంలో. దాన్ని బేస్‌లైన్ అంటారు. నిబంధనలు కనీసంగా కోరినంత మేరకే కడితే అలాంటి భవనం ఎలా ఉంటుందో అలా ఊహిస్తారు, దానికీ ఏసీ ఉంటుంది, దానికీ గాజు ఉంటుంది. అసలు ఏసీ అక్కర్లేని భవనం కడితే ఎలా ఉండేదన్న ప్రశ్న ఆ పోలికలోకి రానే రాదు.

ఆ ప్రశ్నకు జవాబు ఇదే ఊళ్లో దొమ్మలూరులో ఉంది. ఇంధనం, పర్యావరణం మీద పరిశోధన చేసే టెరీ సంస్థ కార్యాలయాన్ని వాస్తుశిల్పి సంజయ్ మోహే రూపొందించారు. స్థలానికి దక్షిణాన దుర్వాసన కొట్టే మురుగు కాలువ, గాలి వచ్చేది ఆ దక్షిణం నుంచే. కిటికీ తీస్తే కంపు, మూసేస్తే ఉక్క. ఆయన దక్షిణం వైపు కిటికీలు మానేసి, రెండు పొరల గోడ కట్టి, బయటి పొరకు నల్లని కడప బండలు వేయించారు. ఎండకు బండ కాగుతుంది, రెండు పొరల మధ్య గాలి వేడెక్కి పైకి లేస్తుంది, లేస్తూ గదుల్లోని వేడిగాలిని వెంట లాక్కుపోతుంది, ఆ ఖాళీ నింపడానికి ఉత్తరం నుంచి మంచి గాలి లోపలికి వస్తుంది. మా ఇళ్లలో అరుగుకూ, వంటగట్టుకూ వేసే బండ అక్కడ ఫ్యాను పని చేస్తోందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషంలో కొంత ప్రాంతాభిమానం కూడా ఉందని ఒప్పుకుంటాను.

ఇలా కట్టడం ఇక్కడ ఎందుకు సాధ్యమంటే, బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లకు పైన ఉంది. మన నిర్మాణ నిబంధనలు దేశాన్ని అయిదు వాతావరణ మండలాలుగా విడగొడితే ఈ ఊరు టెంపరేట్ అనే సమశీతోష్ణ మండలంలో పడింది. చెన్నై ఉక్క మండలంలో ఉంది, అక్కడి లెక్క వేరు. 2016 ఏప్రిల్‌లో ఇక్కడ కూడా 39.2 డిగ్రీలు చూశామన్న మాట నిజమే. అయినా ఏడాదిలో ఎక్కువ రోజులు నీడా గాలీ ఉంటే చాలు, ఇంట్లో మనిషి సుఖంగా ఉండగలడు. గాలి కోసం ఎకో నివాస్ సంహిత ఒక భిన్నాన్ని కూడా ఇచ్చింది. ఈ మండలంలో ఇంటి వైశాల్యంలో కనీసం 12.5 శాతం మేర తెరుచుకునే కిటికీలూ తలుపులూ ఉండాలి, చెన్నై లాంటి చోట 16.66 శాతం. 'తెరుచుకునే' అన్న మాట మీద వేలు పెట్టి చూడండి. ఇప్పుడు ప్రతి ఫ్లాటులోనూ బిగిస్తున్న రెండు పట్టాల జరుపుడు కిటికీ ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. ఆరడుగుల కిటికీ అని గొప్పగా చూపించినదాంట్లో గాలికి దక్కేది మూడడుగులు.

ఈపీఐ అనే కొలతను కూడా ఇలాగే చూడాలి. ఏడాదికి చదరపు మీటరుకు ఎన్ని యూనిట్ల కరెంటు అన్నది దాని అర్థం. నాలుగు వేల అడుగుల ఇంట్లో ఇద్దరుంటారు, ఆరువందల అడుగుల ఇంట్లో అయిదుగురుంటారు. చదరపు మీటరు హారమైతే పెద్ద ఇల్లు పొదుపరి, ఇరుకిల్లు దుబారా. మనిషిని హారంగా పెట్టి చూడండి, ఫలితం తలకిందులవుతుంది. ఏ రంగుల పుస్తకమూ ఆ హారంతో లెక్క వేయదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇల్లు వాడుతున్నప్పుడు ఖర్చయ్యే శక్తి ఒకటి, ఇల్లు కట్టడానికి ముందే ఖర్చయిపోయిన శక్తి ఒకటి. రెండోదాన్ని ఎంబోడీడ్ ఎనర్జీ అంటారు, నేను 'ఇమిడిన శక్తి' అనుకుంటాను. ఇటుకను కాల్చినప్పుడు, సిమెంటు కొలిమిని మండించినప్పుడు, ఇనుమును కరిగించినప్పుడు ఖర్చయి, గోడలో ఇమిడిపోయి, ఇక ఏ బిల్లులోనూ కనిపించని శక్తి. ఏసీ ఎక్కువగా నడిచే ఊళ్లలో వాడకపు ఖర్చు దీన్ని మించిపోవచ్చు. ఏడాదిలో ఎక్కువ భాగం ఫ్యానుతో గడిచే బెంగళూరు ఇంట్లో ఆ తూకం ఇమిడిన శక్తి వైపు మొగ్గుతుంది. అందుకే దీన్ని ముందు అడగాలంటున్నాను.

ఈ లెక్క కోసం విదేశాల దాకా పోనవసరం లేదు. ఇదే ఊరి భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఏకేఎన్ రెడ్డి గారి చొరవతో పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం మొదలైన అస్త్ర కేంద్రం, కొద్దిగా సిమెంటు కలిపి కుదించిన మట్టి ఇటుకల మీద దశాబ్దాలు పనిచేసింది. అక్కడి ఆచార్యులు బి.వి. వెంకటరామ రెడ్డి, కె.ఎస్. జగదీశ్ 2003లో ప్రచురించిన పత్రంలో మన దేశపు వస్తువుల లెక్కలున్నాయి. కిలో సిమెంటుకు 5.85 మెగాజౌళ్లు, ఉక్కుకు 42, గాజుకు 25.8, అల్యూమినియానికి 236.8. కాల్చిన ఇటుక ఒక్కోదానికి 4.25. ఆ అంకెలతో నేను వేసుకున్న లెక్క ఇది: తొమ్మిదంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు దాదాపు 490 మెగాజౌళ్లు, అదే మందం మట్టి ఇటుక గోడకు సుమారు 150. ఆరు మిల్లీమీటర్ల గాజు రెండు పొరలు వేస్తే 770 దాటుతుంది, దాన్ని పట్టుకునే అల్యూమినియం చట్రం ఇంకా లెక్కలోకి రాలేదు.

మొత్తం భవనాలను కూడా వాళ్లు తూచి చూశారు. కాంక్రీటు స్తంభాలతో కట్టిన ఎనిమిది అంతస్తుల భవనంలో చదరపు మీటరుకు 4.21 గిగాజౌళ్లు, ఇటుక గోడల మీదే నిలిచిన రెండంతస్తుల ఇంట్లో 2.92, మట్టి ఇటుకలూ ఫిల్లర్ స్లాబూ వాడిన రెండంతస్తుల ఇంట్లో 1.61. ఫిల్లర్ స్లాబు అంటే కేరళలో లారీ బేకర్ ప్రచారం చేసిన పద్ధతి. స్లాబు అడుగు భాగంలో లాగుడును మోసేది ఇనుమే, అక్కడ కాంక్రీటు ఊరికే బరువు. ఆ చోట మంగళూరు పెంకులు పెట్టేస్తే అంత కాంక్రీటు మిగులుతుంది. ఆ పత్రం వచ్చిన తర్వాత సిమెంటు కొలుములు మెరుగుపడ్డాయి, అంకెలు కొంత దిగాయి, వాటి మధ్య దూరం మాత్రం చెరిగిపోయేది కాదు. పన్నెండు వందల అడుగుల ఫ్లాటు ఎనిమిది అంతస్తుల రకంలో కొన్న కుటుంబం నెలకు రెండు వందల యూనిట్లు వాడుతుందనీ, ఆ కరెంటంతా బొగ్గుదేననీ, బొగ్గు వేడిలో మూడో వంతే కరెంటు అవుతుందనీ అనుకుంటే, గృహప్రవేశం నాటికే దాదాపు పద్దెనిమిదేళ్ల కరెంటుకు సరిపడా ఇంధనం కాలిపోయి ఉంటుంది.

సిమెంటు విషయంలో ఇంధనం సగం కథే. సున్నపురాయిలోనే బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) ఉంది. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోల బరువు గాలిలో కలుస్తుంది, కొలిమిని సూర్యరశ్మితో నడిపినా అది తప్పదు. బెంగళూరు స్లాబుల్లోకి వచ్చే సిమెంటులో కొంత భాగం తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు నుంచి వస్తుంది. చిన్నప్పుడు ఎర్రగుంట్ల మీదుగా రైల్లో వెళుతుంటే చెట్ల ఆకులు బూడిదరంగులో ఉండడం నాకు బాగా గుర్తు. ఈ ఊరి ఆకుపచ్చ ఫలకాల వెనక ఆ బూడిద ఆకులు కూడా ఉన్నాయని నేను అనుకుంటే అది అతిశయోక్తి కాదు.

ఇంకో దృశ్యం చెప్పాలి. జయనగర వైపు మేము మొదట అద్దెకున్న ఇంటిని రెండేళ్ల కిందట కూలగొట్టారు. ఎర్ర గచ్చు నేల, లోతైన సజ్జలు, వెనక బావి. నేను చూడడానికి వెళ్లేసరికి పాలమూరు నుంచి వచ్చిన కూలీలు ఒక పక్క కమ్ములను సుత్తితో కొట్టి వంపు తీస్తున్నారు, మరో పక్క ఇద్దరు ఆడవాళ్లు ఇటుకలు గీకి పేరుస్తున్నారు. రెండు కుప్పలున్నాయి. ఒకదాంట్లో నిండు ఇటుకలు, రెండోదాంట్లో ముక్కలు. తేడా ఎందుకని మేస్త్రీని అడిగితే, "ముందు గదులు సున్నంతో కట్టినవి సార్, చెయ్యి తగిలితే ఊడొస్తాయి. వెనక గది తర్వాత సిమెంటుతో కలిపినారు, ఇటుక పగులుతుంది గానీ అతుకు వదలదు" అన్నాడు. డిజైన్ ఫర్ డిస్అసెంబ్లీ అని, విప్పదీయడానికి వీలుగా కట్టడమని, ఇప్పుడు సదస్సుల్లో మాట్లాడుకునే భావన అంతా ఆ రెండు కుప్పల్లో ఉంది. మనం గట్టిదనం అనుకునేది, రెండో జన్మ లేకుండా చేయడం కూడా. అదే చోట స్టిల్టు మీద నాలుగంతస్తులు లేచాయి, డాబా మీద సోలార్ పలకలు పెట్టారు. కూలిన ఇంట్లో ఇమిడి ఉన్నదాన్ని ఎవరూ కొత్త ఇంటి ఖాతాలో రాయలేదు.

మట్టి ఇటుకలతో ఇరవై అంతస్తులు కట్టలేం కదా, ఈ ఊళ్లో నేల ధరకు ఇంకేం చేస్తారని నా మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆకాశ హర్మ్యాలను ఆపమని నేననడం లేదు, వాటి లెక్కను పూర్తిగా రాయమంటున్నాను. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రంలో మిగిలే బూడిదను సిమెంటులో 35 శాతం వరకూ కలపడానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి. అంతకంటే పెద్ద పొదుపు నేలమాళిగలో ఉంది. కార్ల కోసం రెండు మూడు అంతస్తులు లోతుకు తవ్వి పోసే కాంక్రీటు ఆ భవనం మొత్తం మీద అతి బరువైన భాగాల్లో ఒకటి. అందులో ఎలక్ట్రిక్ కారుకు చార్జింగు ప్లగ్గు పెడితే రేటింగులో పాయింట్లు వస్తాయి. ఆ మాళిగ ఒక అంతస్తు తగ్గిస్తే అంతకు ఎన్నో రెట్లు కలిసివచ్చేది, కానీ కార్లు తగ్గించండని కొనేవాళ్లకు చెప్పే ధైర్యం ఎవరికుంది?

నెట్ జీరో, అంటే ఏడాదిలో వాడినంత శక్తిని భవనం తానే పుట్టించుకోవడం, దాని గురించి రెండు ముక్కలు చాలు. ఒక కిలోవాటు సోలార్‌కు సుమారు పది చదరపు మీటర్ల చోటు కావాలి, రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. ఇరవై అంతస్తులు, ఎనభై ఫ్లాట్లు, అయిదు వందల చదరపు మీటర్ల డాబా అనుకోండి. ట్యాంకులూ లిఫ్టు గదీ ఏవీ లేకుండా డాబా అంతా పలకలు పరిచినా ఇంటికి దక్కేది రోజుకు రెండున్నర యూనిట్లు. మా ఇంట్లో ఫ్రిజ్జూ ఫ్యాన్లూ కలిసి దాన్ని తినేస్తాయి.

నీళ్ల విషయంలో మాత్రం ఈ ఊరు కొంత బుద్ధిగా ఉంది. 2009 నుంచి ముప్పై నలభై అడుగుల స్థలంలో కొత్తగా కట్టే ఇంటికి కూడా వాననీటి ఏర్పాటు తప్పనిసరి. 2024 మార్చిలో బోర్లు ఎండి, తాగునీటితో కారు కడిగితే అయిదు వేల జరిమానా అన్నప్పుడు దాని విలువ అందరికీ అర్థమైంది. అర్థం కానిది నీటిలోని కరెంటు. కావేరి నీరు వంద కిలోమీటర్ల దూరం నుంచి, సుమారు అయిదు వందల మీటర్ల ఎత్తుకు ఎక్కి వస్తుంది. వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు లేపడానికి, పంపుల నష్టం కలుపుకుని రెండు యూనిట్లు పడుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురి ఇంటికి అది నెలకు ముప్పై యూనిట్లకు పైమాట. నా కరెంటు బిల్లులో లేని ఆ ముప్పై యూనిట్లలో కొన్నింటిని డాబా మీద పడిన వాన ఆదా చేస్తుంది.

రేటింగులన్నీ బూటకమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. హైదరాబాదులోని సీఐఐ గోద్రెజ్ కేంద్రం 2003లో లీడ్ అనే అమెరికా హరిత రేటింగులో అమెరికా బయట మొదటి ప్లాటినం భవనమై, మరుసటి ఏడాది అబ్దుల్ కలాం గారి చేతుల మీదుగా ప్రారంభమైనప్పుడు, భవనాన్ని కొలవవచ్చన్న ఊహే మన బిల్డర్లకు కొత్త. కొలవడం నేర్పింది ఆ పద్ధతులే. వాటితో నా తగాదా అంతా కొలత దగ్గర కాదు, కొలిచినదాన్ని కొనేవాడికి చూపకపోవడం దగ్గర. పుల్లల పెట్టె మీద ఎన్ని పుల్లలో రాసి ఉంటుంది, కోటి రూపాయల ఇంటి మీద మాత్రం ఏమీ రాసి ఉండదు.

చివరికి మేము ఆ తూర్పు శివారు ఫ్లాటు కొనలేదు. బనశంకరి దగ్గర మూడంతస్తుల పాత భవనంలో పై ఇల్లు కొన్నాం. దానికి ఏ ఫలకమూ లేదు. ఇటుక గోడలు, రెండడుగుల సజ్జలు, రెక్కలు పూర్తిగా తెరుచుకునే చెక్క కిటికీలు ఉన్నాయి. ఇమిడిన శక్తి ఎప్పుడో ఇమిడిపోయింది, కొత్తగా నేను కాల్చింది లేదు. లోపం ఒక్క డాబాయే. దాని మీద వేడిని ఆపే పొర వేసి, పైన తెల్ల పెంకులు పరిపించాలని అసోసియేషన్‌లో అడిగితే, డాబా అందరిదీ అయినా ఎండ పడేది మీ రెండిళ్లకే కదా, ఖర్చు మీరే పెట్టుకోండన్నారు. వాన కురిసి కారితే మాత్రం అందరం కలిసి బాగుచేయించాలని నియమం ఉంది. మా రెండిళ్ల వాళ్లమే పెట్టుకున్నాం. పని అయిన వారానికి నాన్న ఊరి నుంచి వచ్చి, రాత్రి భోజనమయ్యాక కుర్చీ ఎక్కి పైకప్పుకు చెయ్యి ఆనించి చూశాడు. "చవుడు పోసినట్టే ఉంది, ఏటేటా పోయాలా?" అని అడిగాడు. అక్కర్లేదు, ఏడాదికోసారి కడిగితే చాలన్నాను. ఆ కడగడానికి నీళ్లెక్కడివన్నది ఇప్పుడు అసోసియేషన్‌లో నడుస్తున్న కొత్త తగువు.